ఏ యూవీ టార్చికి తేలు దొరుకుతుంది: ఒక కాలనీ కేస్ స్టడీ

పెస్ట్ కంట్రోల్ పనిలో తేళ్ల ఫిర్యాదులు మాకు ఎక్కువగా జూన్, జులైలోనే వస్తాయి. తొలకరి పడ్డాక రాళ్ల సందుల్లోకి నీళ్లు దిగుతాయి, పురుగులు పెరుగుతాయి, వాటి వెంట తేళ్లూ బయటికొస్తాయి. అలాంటి ఒక కేసును ఇక్కడ రాస్తున్నాను. ఈ కేసులో మందు సంగతి కన్నా ముందు యూవీ (అతినీలలోహిత) టార్చి సంగతి తేల్చుకోవాల్సి వచ్చింది. ఆ వెలుతురు పడితే తేలు చీకట్లో మెరుస్తుంది. సరైన టార్చి చేతికి వచ్చేదాకా తేళ్లు ఎక్కడ ఉన్నాయో ఎవరికీ తెలియలేదు. మా రంగంలో కొత్తగా వచ్చేవాళ్లకు, ఇలాంటి కాలనీల్లో ఉండేవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. కాలనీని, కుటుంబాలను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్ దాటాక పడమటి వైపున్న ఒక విల్లాల కాలనీ. ఒకప్పుడు అక్కడ గ్రానైట్ గుట్ట ఉండేది. దాన్ని కొంత పగలగొట్టి, చదును చేసి ఇళ్లు కట్టారు. పగిలిన రాళ్లతోనే వెనకవైపు ఎత్తయిన రిటైనింగ్ వాల్ (మట్టి జారకుండా ఆపే గోడ) లేపారు. నీళ్లు బయటికి పోవడానికి దాని నిండా వీప్ హోల్స్ వదిలారు. మిగతా మూడు వైపులా ప్లాస్టరింగ్ చేసి తెల్ల పెయింట్ వేసిన కాంపౌండ్ వాల్ ఉంది. గోడ అవతల తుప్పలు, బండరాళ్లు, మధ్యలో ఎవరో పారబోసిన కట్టుబడి చెత్త.

ఆ నేల ముందు నుంచీ తేళ్లదే. మన బండరాళ్ల ప్రాంతాల్లో ఎక్కువగా కనబడేవి రెండు రకాలు. ఒకటి మండ్రగబ్బ: నల్లగా, పెద్దగా, లావాటి గిట్టలతో (ముందుండే పట్టకారుల్లాంటివి) చూడగానే భయం పుట్టిస్తుంది, కానీ దాని విషం మనిషికి అంత ప్రమాదం కాదు. రెండోది ఎర్ర తేలు. శాస్త్రీయ నామం హొటెన్‌టోటా టామ్యులస్. చిన్నగా, సన్నటి గిట్టలతో, లావాటి తోకతో ఉంటుంది. ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. సన్న గిట్టలు, లావు తోక ఉన్నదానితో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని మా కుర్రాళ్లకు మొదటి రోజే చెబుతాను.

సమస్య

అంతకుముందు కూడా అడపాదడపా తేళ్లు కనబడుతూనే ఉన్నాయి. ఆ ఏడు మొదటి వానలు పడ్డ వారంలో బడికెళ్లే వయసు పిల్లాడిని వరండాలో తేలు కుట్టింది. చెప్పుల స్టాండ్ దగ్గర కూర్చుని బూటులో కాలు పెట్టబోయాడు. కాసేపట్లోనే ఒళ్లంతా చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం మొదలయ్యాయి. తల్లిదండ్రులు మంత్రాలు, పసర్లు అంటూ ఆలస్యం చేయలేదు. చంపిన తేలును సీసాలో వేసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లారు. డాక్టర్లు ప్రాజోసిన్ అనే మందు ఇచ్చి, గుండె వేగం, బీపీ చూసుకుంటూ రాత్రంతా దగ్గర పెట్టుకున్నారు. పిల్లాడు క్షేమంగా ఇంటికొచ్చాడు. ఈ ప్రాజోసిన్ వైద్యం మనకు మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊరి నుంచి వచ్చింది. అక్కడ పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ఎర్ర తేలు కాటుకు దీన్ని వాడి, ప్రాణాలు నిలబెట్టవచ్చని చూపించారు. ఆ సీసాలో ఉన్నది ఎర్ర తేలే.

ఆ తర్వాత కాలనీ అంతా టెన్షన్. పిల్లల్ని సాయంత్రం బయటికి పంపడం మానేశారు. అసోసియేషన్ వాళ్లు మమ్మల్ని పిలిచేటప్పటికే వేరేవాళ్లతో రెండుసార్లు స్ప్రే చేయించారు. అయినా తేళ్లు కనబడుతూనే ఉన్నాయి. స్ప్రే అయిన మర్నాడైతే ఇళ్ల లోపలే ఎక్కువ కనబడ్డాయట.

స్ప్రే ఎందుకు పని చేయలేదు

బొద్దింకకు పనిచేసిన మందు తేలుకూ పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. బొద్దింక పొట్ట నేలకు ఆనించి తిరుగుతుంది, కాళ్లు, మీసాలు నోటితో శుభ్రం చేసుకుంటుంది, మందు లోపలికి పోతుంది. తేలు కాళ్ల కొసల మీద నడుస్తుంది, ఒంటికి మందు అంటేది తక్కువ. పగలంతా రాతి సందులో లోతుగా ఉంటుంది, అక్కడికి స్ప్రే చేరదు. తిండి లేకుండా నెలల తరబడి ఉండగలదు కాబట్టి పురుగులన్నీ చచ్చినా వెంటనే చావదు. పైగా మందు వాసనకు కదిలి కొత్త చోటికి పోతుంది. ఆ కాలనీలో ఇళ్లలోకి వచ్చినవి ఇలా కదిలినవే అయి ఉంటాయని నా అభిప్రాయం.

అందుకే మందు ముట్టుకునే ముందు అవి ఎక్కడ ఉంటున్నాయి, ఏ దారిన వస్తున్నాయి అన్నది చూడాలని చెప్పాను. సెక్రటరీ గారికి ఇది నచ్చలేదు. "ఇంత జరిగాక ఇంకా చూడటమేంటండీ, ఏదో ఒకటి కొట్టండి" అన్నారు. ఆయన ఆందోళన న్యాయమైనదే. కానీ దారి తెలియకుండా మూడోసారి కొట్టినా మొదటి రెండుసార్లు జరిగిందే జరుగుతుంది. రాత్రి సర్వేకు ఒప్పించాను.

తేలు ఎందుకు మెరుస్తుంది

తేలు పైపొరలో కొన్ని పదార్థాలు యూవీ కిరణాలను పీల్చుకుని నీలం కలిసిన ఆకుపచ్చ వెలుతురుగా వదులుతాయి. వాటిలో బీటా కార్బోలిన్, ఒక రకం కౌమరిన్ ఉన్నాయని శాస్త్రవేత్తలు గుర్తించారు. ఈ గుణం పొర గట్టిపడ్డాకే వస్తుంది. అప్పుడే పొర విడిచిన తేలు సరిగా మెరవదు. విడిచిన పొర మాత్రం బాగా మెరుస్తుంది. ఈ చివరి విషయమే తర్వాత టార్చిల పోలికలో మాకు పనికొచ్చింది.

మొదట ప్రయత్నించినవి

కాలనీ వాచ్‌మన్‌ల దగ్గర అప్పటికే ఊదారంగు టార్చిలు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో కొన్నవి, మూడు పెన్సిల్ సెల్స్‌తో నడిచేవి, ముందు 51 చిన్న ఎల్‌ఈడీలు. అట్ట మీద 395 నానోమీటర్లు అని ఉంది, అంటే అది వదిలే కాంతి తరంగదైర్ఘ్యం. ఎల్‌ఈడీలు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదని కాలనీ వాట్సాప్ గ్రూపులో చర్చ జరిగి, కొందరు 100 ఎల్‌ఈడీలది కూడా తెప్పించారు.

వాటితో వాచ్‌మన్‌లు రెండు వారాలుగా తెల్ల కాంపౌండ్ వాల్ వెంట తిరుగుతున్నారు. దొరికినవి చాలా తక్కువ. మొదటి రాత్రి పెద్ద వాచ్‌మన్ నాతో అన్నమాట: "గోడంత గిట్లనే ఊదగ మెరుస్తుంది సార్. ఏది తేలో ఏది కాదో ఎట్ల తెల్వాలె?"

ఆయన పట్టుకున్నదే అసలు సమస్య. 395 టార్చి వదిలే వెలుతురులో కొంత మన కంటికి కనబడే ఊదారంగే. అది లేత రంగు గోడ మీద పడి తిరిగొస్తుంది. ఆ ఊదా వెలుగులో తేలు మెరుపు కలిసిపోతుంది. తేలు మెరవడం లేదని కాదు, మెరుస్తూనే ఉంటుంది. చుట్టూ ఉన్న వెలుగు దాన్ని మింగేస్తుంది.

ఆ టార్చినే వెనకవైపు గ్రానైట్ రాళ్ల మీద వేస్తే పది అడుగుల దూరంలో ఉన్న తేలు కూడా చక్కగా దొరికింది. నల్లటి, గరుకు రాయి ఊదారంగును అంతగా తిప్పికొట్టదు. అంటే 395 టార్చి పనికిరానిదేమీ కాదు. ఏ ఉపరితలం మీద వెతుకుతున్నామన్నదాన్ని బట్టి పనికొస్తుందో లేదో తేలుతుంది. ఇది తెలియక చాలామంది, తెల్ల గోడ మీద చూసి తేళ్లు లేవనే నిర్ణయానికి వస్తారు. కుట్టించుకున్న ఇంటి విషయంలో అలాంటి నిర్ణయం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

తర్వాత అసోసియేషన్ వాళ్లే 365 అని రాసి ఉన్న జూమ్ టార్చి ఒకటి తెప్పించారు. రీచార్జి బ్యాటరీది, ధర కాస్త ఎక్కువ. 365 కాబట్టి ఇక సమస్య తీరుతుందనుకున్నారు. తీరలేదు. దాని వెలుతురులో పాలిపోయిన తెలుపు కలిసి ఉంది. 365 ఎల్‌ఈడీలు కూడా ప్రధానంగా వచ్చే యూవీతో పాటు కంటికి కనబడే వెలుతురు కొంత వదులుతాయి, దాన్ని ఆపే ఫిల్టర్ ఈ టార్చికి లేదు. పైగా జూమ్ చేస్తే వెలుతురు చిన్న చతురస్రంగా బిగుసుకుపోతుంది. దూరం వెళ్తుంది కానీ గోడ మొత్తం జల్లెడ పట్టాలంటే గంటలు పడుతుంది, మధ్యలో జాగాలు వదిలేస్తాం. వెతకడానికి వెడల్పుగా, సమంగా పరుచుకునే వెలుతురు కావాలి.

పోలిక ఎలా చేశాం

అట్ట మీది అంకెలు చూసి ఎన్నుకునే బదులు ఒక్కటే గురి పెట్టి అన్ని టార్చిలనూ దాని మీద పరీక్షించాలని నిర్ణయించాను. బతికున్న తేలైతే కదిలిపోతుంది. అందుకని రిటైనింగ్ వాల్ దగ్గర దొరికిన ఒక విడిచిన పొరను తీసుకున్నాం. బొటనవేలంత పొడవు, గిట్టలు, కాళ్లు, తోక కణుపులు, కొండి అన్నీ విడివిడిగా తెలుస్తూ, ఊదితే ఎగిరిపోయేంత తేలిక. దాన్ని ఒకసారి తెల్ల గోడకు, ఒకసారి గ్రానైట్ రాయికి, ఒకసారి ఎండుటాకుల మధ్య పెట్టాం. చూసేవాళ్లకు ఎక్కడ పెట్టామో చెప్పలేదు. వాచ్‌మన్‌లు ఒక్కొక్కరే టార్చితో దగ్గరికి నడుస్తూ రావాలి, కనబడ్డ చోట ఆగాలి. వాళ్లు ఆగిన దూరమే మాకు కొలత. వాళ్లే రోజూ వాడాలి కాబట్టి కొలత వాళ్ల కళ్లతోనే చేయడం న్యాయం.

మేము తీసుకెళ్లిన మూడో టార్చి 365 ఎల్‌ఈడీ ఒక్కటే ఉన్నది. ముందు నల్లటి గాజు ఉంటుంది. జెడ్‌డబ్ల్యూబీ2 అనే రకం ఫిల్టర్ గాజు. అది యూవీని వదిలి కంటికి కనబడే వెలుతురును ఆపేస్తుంది. ఆన్ చేస్తే టార్చి వెలిగిందా లేదా అని అనుమానం వచ్చేంత చీకటిగా ఉంటుంది. చూడగానే వాచ్‌మన్‌లు "ఇది ఖరాబైంది సార్" అన్నారు.

తెల్ల గోడ మీద తేడా ఎంతుందంటే, 395 టార్చితో నాలుగైదు అడుగులకు వచ్చాక గానీ పొర కనబడలేదు. ఫిల్టర్ లేని 365తో అంతకు కాస్త మెరుగు. నల్ల గాజు టార్చితో పాతిక అడుగుల దూరం నుంచే ఆగి వేలు చూపించారు. దీనికి ఇంకో కారణం ఉంది. తెల్ల పెయింటులో ఉండే టైటానియం డయాక్సైడ్ 365 దగ్గరి యూవీని బాగా పీల్చుకుంటుంది. పగలు తళతళలాడే గోడ ఆ టార్చి కింద నల్లబడుతుంది, ఆ నలుపు మీద తేలు ఒక్కటే పచ్చగా నిలబడుతుంది. రాళ్ల మీద మాత్రం మొదటి టార్చికి, దీనికి తేడా అంత పెద్దది కాదు.

395 టార్చికే ఆ నల్ల గాజు అమర్చుకుంటే సరిపోదా అని ఒక రెసిడెంట్ అడిగారు. మంచి ప్రశ్న. ఆ గాజు 395 దగ్గరి వెలుతురును కూడా చాలావరకు ఆపేస్తుంది. బయటికి వచ్చేది దాదాపు ఏమీ మిగలదు. ఆ ఫిల్టర్ 365 ఎల్‌ఈడీ కోసమే.

కొనేవాళ్లు దుకాణంలోనే చేసుకోగల పరీక్ష ఒకటి చెప్పాను. తెల్ల కాగితం మీద వేసి చూడకూడదు. కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనం యూవీకి తానే మెరుస్తుంది, ఏ టార్చి అయినా గొప్పగానే కనబడుతుంది. కరెన్సీ నోటుతోనూ తేలదు, 395కీ నోటు మెరుస్తుంది. స్టీలు పళ్లెం మీద వేసి చూడాలి. పళ్లెం తనంతట తాను మెరవదు కాబట్టి దాని మీద కనబడేదంతా టార్చి నుంచి కారుతున్న మామూలు వెలుతురే. అది ఎంత తక్కువుంటే టార్చి అంత మంచిది.

బ్యాటరీ గురించి ఒక మాట. ఇలాంటి టార్చిలు ఎక్కువగా 18650 సెల్‌తో నడుస్తాయి. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుందని ఆ పేరు. ఆ సైజులో మంచి సెల్‌కు సాధారణంగా 3,500 ఎంఏహెచ్ (ఛార్జి నిల్వ కొలత) దాకా వస్తుంది. 9,900 అని రాసి ఉంటే అది నకిలీ, కొనొద్దు.

కొత్త టార్చితో వచ్చిన చిక్కులు

నల్ల గాజు టార్చి ఇచ్చాక ఫోన్లు పెరిగాయి. ప్రతి మెరుపూ తేలే అనిపించింది వాళ్లకు. బట్టలు ఉతికే అరుగు మీద సర్ఫు నీళ్లు ఎండిన చోట నీలి తెలుపు మరకలు. నేల మీద దారప్పోగులు, బిస్కెట్ కాగితం ముక్కలు. పసుపు రాసిన గడపలు పసుపుపచ్చగా వెలిగాయి. ఒకావిడ అయితే గడప మీది పసుపు గీతను చూసి పిల్లల్ని మేడ మీదికి పంపేశారు.

కాబట్టి రంగు గుర్తుపట్టడం నేర్పాల్సి వచ్చింది. సర్ఫు, కాగితం, బట్ట నీలి తెలుపు. పసుపు మెరిస్తే పసుపే. తేలు మెరుపు నీలంలో ఆకుపచ్చ కలిసి, అంచులు స్పష్టంగా ఉంటుంది. దగ్గరికి వెళ్తే తోక కణుపులు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు.

ఒక రాత్రి మాత్రం అనుభవమున్న వాచ్‌మన్ కూడా తడబడ్డారు. వీప్ హోల్ అంచున రెండు గిట్టలు, వెనక తోక మెరుస్తున్నాయి, మధ్యలో ఒళ్లు లేనట్టుంది. తెగిన ముక్కలనుకున్నారు. తెల్ల టార్చి వేస్తే అది తల్లి తేలు, వీపు మీద బియ్యపు గింజల్లా పిల్లలు ఒకదానికొకటి ఒత్తుకుని ఉన్నాయి. మొదటి పొర విడిచే దాకా పిల్లలు సరిగా మెరవవు. అవి తల్లి వీపును కప్పేశాయి. మెరుపు ఆకారం విరిగినట్టు కనిపిస్తే వదిలెయ్యకుండా తెల్ల లైటుతో చూడాలని ఆ రోజు నుంచి నియమం పెట్టాం.

యూవీ కింద ఎర్ర తేలు, మండ్రగబ్బ ఒకే రకంగా మెరుస్తాయి. ఏది ఏదో తేల్చేది తెల్ల లైటే.

అంతకన్నా ముఖ్యమైనది, మంచి ఫిల్టర్ ఉన్న టార్చి నేలను చూపించదు. దాన్ని నమ్ముకుని తుప్పల్లో నడిస్తే కాలి కింద గుంత కనబడదు, పాము కనబడదు. ఆ చుట్టుపక్కల నాగుపాములు, రక్తపింజరలు ఉన్నాయి. అందుకని ఎప్పుడూ ఇద్దరు వెళ్లాలి, ఒకరి చేతిలో యూవీ, ఇంకొకరి చేతిలో తెల్ల టార్చి. మోకాళ్ల దాకా బూట్లు. ముందు తెల్ల లైటుతో నేల చూసుకుని నిలబడాలి, ఆర్పాలి, అప్పుడు యూవీ వెయ్యాలి. ఈ ఒక్క నియమాన్ని పాటించలేని చోట నేను నల్ల గాజు టార్చి ఇవ్వను, 395తోనే సరిపెట్టుకోమంటాను.

కళ్ల సంగతి కూడా చెప్పాలి. ఈ టార్చి చూడటానికి మసకగా ఉంటుంది కాబట్టి కంటిపాప ముడుచుకోదు, ప్రమాదం అనిపించక పిల్లలు నేరుగా దానిలోకి చూస్తారు. యూవీని ఆపే పాలికార్బొనేట్ కళ్లద్దాలు వాడే వాళ్లందరికీ తప్పనిసరి చేశాం. పిల్లల చేతికి ఇవ్వొద్దని గట్టిగా చెప్పాం.

సర్వేలో తేలింది, పని చేసింది

అమావాస్యకు అటూ ఇటూ, చీకటి పడ్డాక మొదటి రెండు మూడు గంటల్లో తిరిగాం. నిండు వెన్నెల్లో తేళ్లు బయట తక్కువగా తిరుగుతాయి, మెరుపు కూడా పలచబడుతుంది. కనబడ్డ ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టి, పగలు ఆ గుర్తులను కాలనీ ప్లాన్ మీదికి ఎక్కించాం.

అందరూ భయపడుతున్న తెల్ల కాంపౌండ్ వాల్ మీద గుర్తులు చాలా తక్కువ. దాదాపు అన్నీ వెనక రిటైనింగ్ వాల్ వీప్ హోల్స్ చుట్టూ, మిగిలిపోయిన టైల్స్, సెంట్రింగ్ చెక్కలు పేర్చిన మూల దగ్గర. అక్కడి నుంచి ఒక వరస గుర్తులు పిల్లాడిని కుట్టిన ఇంటి వరండా వైపే వచ్చాయి. ఆ వరండాలో రాత్రంతా తెల్లటి లైటు వెలుగుతూ ఉండేది. లైటుకు పురుగులు, పురుగులకు తేళ్లు. స్ప్రే మొత్తం ముందు గోడల మీద, రోడ్ల పక్కన జరిగింది, రిటైనింగ్ వాల్‌ను ఎవరూ ముట్టుకోలేదు.

పనులు ఆ క్రమంలోనే చేశాం. వీప్ హోల్స్‌ను సిమెంటుతో మూసేయమని కొందరు పట్టుబట్టారు. మూస్తే వానాకాలంలో గోడ వెనక నీరు నిలిచి గోడకే ముప్పు. అందుకని సన్న కన్నాల స్టీలు జాలీ బిగించాం. రాళ్ల మధ్య సందులకు పాయింటింగ్ (సిమెంటు నింపడం) చేయించాం. టైల్స్, చెక్కలు తీయించాం. తీసేటప్పుడు పక్కన తెల్ల టార్చితో ఒకరు, పొడవాటి పట్టకారుతో ఒకరు. దొరికినవాటిని మూత గట్టిగా పట్టే డబ్బాల్లో వేసి, ఇళ్లకు దూరంగా ఉన్న రాళ్లగుట్టల్లో వదిలాం. ఇళ్లలో తలుపుల కింద బ్రష్ పట్టీలు, బాత్రూముల్లో నహాని ట్రాప్‌లకు జాలీలు. వరండా లైట్లు పసుపు రంగువి పెట్టించి, అవసరమైనప్పుడే వేయమన్నాం. మందు వాడింది ఆఖర్న, అదీ తేళ్లకు కాదు, డ్రైనేజీ చాంబర్లలో బొద్దింకలకు జెల్.

ఆ తర్వాత అమావాస్యలకు అదే దారిలో, అదే టార్చితో మళ్లీ తిరిగాం. టార్చి మారితే లెక్క మారుతుంది కాబట్టి పోలికకు అదే ఉండాలి. వరండా వైపు వచ్చిన వరస తెగిపోయింది. రిటైనింగ్ వాల్ మీద అప్పుడప్పుడూ ఒకటీ అరా ఉన్నాయి, ఆ నేలలో పూర్తిగా లేకుండా పోవడం జరగదని అసోసియేషన్‌కు రాతపూర్వకంగానే చెప్పాం. ఆ వానాకాలంలో మళ్లీ ఎవరినీ తేలు కుట్టలేదు.

ఇలాంటి కాలనీ అడిగితే ఇప్పుడు నేను చెప్పేది

వెతకాల్సింది రాళ్లూ మట్టీ అయితే, బడ్జెట్ తక్కువైతే, 395 టార్చి చాలు. పెయింట్ వేసిన గోడలు, లేత రంగు టైల్స్ ఉన్న చోట ఫిల్టర్ ఉన్న 365 ఒక్కటి కొనండి. చవకవి నాలుగు కొనేకన్నా అది మేలు. ఫిల్టర్ లేని 365కి అదనపు డబ్బు పెట్టడం దండగ. ఎల్‌ఈడీల సంఖ్యను చూడకండి, స్టీలు పళ్లెం మీద చూడండి. విడిచిన పొర దొరికితే పారెయ్యకండి, చిన్న డబ్బాలో దాచుకుంటే కొత్తవాళ్లకు రంగు నేర్పడానికి, కొత్త టార్చిని పరీక్షించడానికి అదే పనికొస్తుంది. ఎంత మంచి టార్చి ఉన్నా ఉదయం బూట్లు దులపకుండా తొడగకండి. ఎవరికైనా తేలు కుట్టి చెమటలు, వాంతులు, చల్లబడటం కనబడితే, ముఖ్యంగా పిల్లలకైతే, టార్చి పట్టుకుని తేలును వెతుకుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.